కంపు ఎవరిది?

ముందే చెబుతున్నా, ఇది భోజనం చేస్తూ చదివే టపా కాదు. ముందు కంచం ఉన్నవాళ్లు ఆ పని ముగించుకుని రండి. విషయం మూత్రం. ఇంకా సూటిగా చెప్పాలంటే, ఇంట్లో నేల మీద పడ్డ మూత్రం, అది ఎండిపోయి వారాలైనా వదలని కంపు.

ఇదేం సబ్జెక్టయ్యా అని మొహం చిట్లించకండి. పసిపిల్లలున్న ఇల్లు, మంచం పట్టిన పెద్దవాళ్లున్న ఇల్లు, కుక్కో పిల్లో తిరిగే ఇల్లు - ఈ మూడింట్లో ఏదో ఒకటి దాటకుండా ఎవరి సంసారమూ సాగదు. అయినా దీని గురించి ఎవరూ నోరు విప్పరు. గుట్టుచప్పుడు కాకుండా బకెట్లో రెండు మూతలు ఫినాయిల్ పోసి తుడిచేస్తారు, చుట్టాలొస్తున్నారంటే నాలుగు అగరొత్తులు వెలిగిస్తారు. దాంతో పాత కంపుకి కొత్త పరిమళం తోడై, రెండూ కలిసి మూడో రకం కంపు తయారవుతుంది. మన భాషలో చెప్పాలంటే బగ్ ఒకచోట, ప్యాచ్ ఇంకోచోట.

నా వాదన చిన్నది. ఆరోగ్యంగా ఉన్న మనిషి మూత్రానికి అప్పటికప్పుడు చెప్పుకోదగ్గ కంపు ఉండదు. మనం ముక్కు మూసుకునే ఆ ఘాటు తర్వాత తయారవుతుంది, ఒంట్లో కాదు, నేలలో. అంటే కంపు మనిషిది కాదు, నేలది. ఇది నా సొంత సిద్ధాంతమేమీ కాదు. ఈ సంగతి రోములో బట్టలుతికేవాళ్లకి తెలుసు, లండన్లో తుపాకిమందు చేసేవాళ్లకి తెలుసు. మనమే మర్చిపోయాం. మర్చిపోయినందుకు మన ఇళ్లలో కొందరు మూల్యం చెల్లిస్తున్నారు. వాళ్లెవరో చివర్లో చెబుతా.

ముందు కాస్త కెమిస్ట్రీ. భయపడకండి, ఇంటర్ స్థాయి దాటదు.

పెద్దవాళ్ల ఒంట్లోంచి రోజుకి లీటరు నుంచి లీటరున్నర దాకా మూత్రం వెళుతుంది. అందులో 95 శాతం నీళ్లే. మిగిలినదాంట్లో పెద్ద వాటా యూరియాది, రోజుకి ఓ 20-30 గ్రాములు. అవును, ఎరువుల కొట్లో బస్తాల్లెక్కన అమ్మే యూరియానే. రెండూ ఒకటే అణువు. 1828లో ఫ్రెడరిక్ వోలర్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త దాన్ని ప్రయోగశాలలో తయారుచేసి, మూత్రంలో ఉండేదానికీ దీనికీ తేడా లేదని చూపించాడు. శుద్ధమైన యూరియాకి వాసన లేదు. పొడిగా ఉంచితే అది ఎన్నాళ్లైనా బుద్ధిగా ఉంటుంది.

బుద్ధి చెడేది తడి తగిలి, బ్యాక్టీరియా చేతికి చిక్కినప్పుడు. మట్టిలో, దుమ్ములో, టైల్సు సందుల్లో ఉండే రకరకాల సూక్ష్మజీవుల దగ్గర యూరియేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది ఒక్కో యూరియా అణువునీ విరిచి రెండు అమ్మోనియా అణువులు, ఒక కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. బస్టాండు గోడ దగ్గర కళ్లు మండించే ఘాటు ఈ అమ్మోనియాదే. ఆ గోడ ఇప్పుడే పోసి వెళ్లినవాడి వల్ల కంపు కొట్టదు. నిన్నా మొన్నా, ఆ ముందు వారం పోసినవాళ్లందరి ఉమ్మడి కృషి అది.

ఈ ఆలస్యం సంగతి రోమన్లకి బాగా తెలుసు. వాళ్లకి సబ్బు లేదు. జిడ్డు వదలాలంటే క్షారం కావాలి. మన రేవుల్లో రజకులకి ఆ క్షారం చౌడు మట్టిలో దొరికింది. రోమన్లకి మూత్రంలో దొరికింది. అయితే తాజాది పనికిరాదు. సేకరించి, నిలవబెట్టి, పులియనిచ్చి, అమ్మోనియా తయారయ్యాక నీళ్లలో కలిపి తొట్లలో పోసి, బట్టలు వేసి కాళ్లతో తొక్కేవాళ్లు. పాంపేయి శిథిలాల్లో అలాంటి తొట్లు ఇవాళ్టికీ కనిపిస్తాయి. గమనించారా? కంపు రావడం కోసం వాళ్లు పనిగట్టుకుని ఎదురుచూసేవాళ్లు. మనం సమస్య అనుకుంటున్నది వాళ్లకి సరుకు.

సరుకన్నాక పన్నుండాలిగా. క్రీ.శ. 69 నుంచి 79 దాకా ఏలిన వెస్పేసియన్ చక్రవర్తి పబ్లిక్ మూత్రశాలల నుంచి సేకరించే మూత్రం మీద పన్ను వేశాడు. ఇదేం పాడు పన్నని కొడుకు టైటస్ నసిగితే, ఆ పన్నులో వచ్చిన నాణెమొకటి వాడి ముక్కు దగ్గర పెట్టి వాసనేమైనా వస్తోందా అని అడిగాడట. లేదన్నాడు కొడుకు. వచ్చింది మాత్రం అక్కణ్నుంచేనన్నాడు తండ్రి. చరిత్రకారుడు సుయెటోనియస్ రాసిన ముచ్చట ఇది. డబ్బుకి కంపుండదనే యూరోపియన్ సామెత దీన్నుంచే పుట్టిందంటారు. పాపం వెస్పేసియన్ కొలోసియం కట్టడం మొదలుపెట్టిన ఘనుడు. ఆయన పేరు ఫ్రెంచి, ఇటాలియన్ భాషల్లో స్థిరపడింది మాత్రం వీధి మూత్రశాలలకి.

సరే, రోములో కంపు తొట్లో ఉంది. నేలలోకి ఎప్పుడొచ్చింది? ఎప్పుడూ నేలలోనే ఉంది. కాకపోతే నేలలో దానికేమవుతుందో తెలుసుకోడానికి ఇంగ్లండ్ దాకా వెళ్లాలి.

తుపాకిమందులో గంధకం, బొగ్గు కలిపి పావు వంతు. మిగిలిన ముప్పావు సురేకారం. మన పాతకాలం వాళ్లు పెట్లుప్పు అనేవాళ్లు. రసాయనికంగా పొటాషియం నైట్రేట్. పదహారు, పదిహేడో శతాబ్దాల్లో యూరప్ రాజులందరికీ ఇది కావాలి, అది ఊరికే దొరకదు. దొరికే చోటు మాత్రం ఒకటుంది - ఏళ్ల తరబడి మూత్రం ఇంకిన మట్టి నేల. యూరియా నుంచి అమ్మోనియా వచ్చాక కథ అక్కడితో ఆగదు. మట్టిలోని ఇంకో రకం బ్యాక్టీరియా ఆ అమ్మోనియాని నైట్రైట్‌గా, మరో రకం దాన్ని నైట్రేట్‌గా మారుస్తాయి. ఊళ్లో పాత పశువుల కొట్టం చూసినవాళ్లకి గుర్తుండే ఉంటుంది, గోడ అడుగున తెల్లగా ఉప్పు పూస్తుంది. ఆ పూతలో ఉండేది చాలావరకు ఈ బాపతే.

ఇంగ్లండ్‌లో సురేకారం మనుషులని ఒక తెగ ఉండేది. రాజుగారి అనుమతి పత్రం పట్టుకుని, పారలు, పీపాలతో ఊరి మీద పడేవాళ్లు. పావురాల గూళ్లు, గుర్రపుశాలలు, నేలమాళిగలు - ఎక్కడ నేల బాగా నానిందనిపిస్తే అక్కడ తవ్వేవాళ్లు. ఆ మట్టిని నీళ్లలో నానబెట్టి, వడకట్టి, కట్టెల బూడిద కలిపి, మరగబెట్టి చల్లారిస్తే సురేకారం స్ఫటికాలు కట్టేది. ఇంటాయన గోల పెడితే వినే నాథుడు లేడు, రాజ్య రక్షణ మరి! గొడవ ముదిరి 1606లో న్యాయమూర్తుల ముందుకెళ్లింది. రాజుకి తవ్వే హక్కుంది, కానీ మనుషులు కాపురముండే ఇంటి నేల తవ్వకూడదు, గోడలకీ పునాదులకీ ముప్పు తేకూడదు, తవ్వినచోటు మళ్లీ ముందులా చేసి పోవాలి అని వాళ్లు తేల్చారు.

తేల్చారు గానీ ఎవరు విన్నారు? ఫిర్యాదులు ఆగలేదు. 1630ల్లో చర్చిల నేలలు కూడా తవ్వేశారు. ప్రార్థనలు గంటల తరబడి సాగేవి, బయటికెళ్లే వీలుండదు, దాంతో చర్చి నేలలు కూడా సురేకారానికి పనికొచ్చేంత పదునుగా ఉండేవన్నమాట!

నాకు ఇంతకన్నా ఆశ్చర్యమేసింది ఇంకోటి. 1620ల్లో రాజు ప్రకటనలు జారీ చేశాడు - పావురాల గూళ్లలో, గుర్రపుశాలల్లో ఇటుకలు, రాళ్లు, పలకలు పరచకూడదని. ఎందుకంటే గట్టి నేల మూత్రాన్ని పీల్చుకోదు, పీల్చుకోకపోతే సురేకారం పుట్టదు. అంటే శుభ్రమైన నేల వేసుకోవడం నేరమన్నమాట! ఇది చాలదన్నట్టు 1626లో చార్లెస్ రాజు ఇంకో అడుగు ముందుకేసి, లండన్ పరిసరాల జనం తమ మూత్రాన్నీ పశువుల మూత్రాన్నీ పారబోయకుండా దాచి, సేకరించడానికొచ్చినవాళ్లకి అప్పగించాలన్నాడు. ఆ పథకం పెద్దగా నడవలేదనుకోండి. చివరికి 1656లో, రాజు తల పోయిన ఏడేళ్లకి, యజమాని ఒప్పుకోకుండా ఎవరి ఇంట్లోనూ స్థలంలోనూ సురేకారం కోసం తవ్వకూడదని పార్లమెంటు చట్టం చేసింది.

ఇంగ్లీషువాడు అంత ఉదారంగా మారిపోవడానికి కారణం ఏమిటనుకుంటున్నారు? ఇంకెవరు, మనమే. బీహారులో ఎండాకాలం వచ్చేసరికి ఊళ్ల చుట్టూ, పశువుల దొడ్ల దగ్గర, పాత మట్టి గోడల కింద సురేకారం పైకి తేలేది. నూనియా కులస్తులు దాన్ని గోకి, కడిగి, కాచి అమ్మేవాళ్లు. పదిహేడో శతాబ్దం రెండో సగానికొచ్చేసరికి ఈస్టిండియా కంపెనీ పాట్నా సరుకుని ఓడలకెత్తి పంపడం జోరందుకుంది. తన ఇంటి నేల తవ్వించుకునే బాధ ఇంగ్లీషువాడికి తప్పింది. ప్లాసీ యుద్ధమైన మరుసటేడు, 1758లో, కంపెనీ బీహారు సురేకారం మీద గుత్తాధిపత్యం సంపాదించింది. ఆ తర్వాత కంపెనీ యుద్ధాల్లో పేలిన మందులో మన ఊళ్ల నేలల వాటా ఎంతో మీరే ఊహించుకోండి.

ఇంత కథా ఎందుకు చెప్పానంటే ఒక్క పాయింటు కోసం. మూత్రం నేల మీద ఉండదు, నేలలోకి పోతుంది. ఎంత లోతుకంటే, రాజు పార పెట్టి తవ్వించేటంత లోతుకి. ఎన్నాళ్లంటే, తరాలు మారేటన్నాళ్లు. పైన తడిగుడ్డ పెట్టి తుడిచేసి అయిపోయిందనుకోవడం సర్వర్ తగలబడుతుంటే మానిటర్ తుడవడం లాంటిది.

ఇంకోటి కూడా గమనించండి. ఈ వ్యాపారంలో లాభం ఎప్పుడూ పైకి వెళ్లింది - చక్రవర్తికి, రాజుకి, కంపెనీకి. కంపు మాత్రం ఆ పని చేసినవాళ్లకి అంటుకుంది. రోములో బట్టలు తొక్కేవాడిని చూసి నవ్వారు, ఇంగ్లండ్‌లో సురేకారం వాడిని తిట్టారు, మన దగ్గర కులం కింద లెక్కేశారు. మన ఆసుపత్రుల్లో ఆయాలకి ఇవాళ దక్కే మర్యాద కూడా ఆ వరసలోదే.

ఇప్పుడు కంపు సరుకు నుంచి శత్రువుగా ఎలా మారిందో చూద్దాం. పందొమ్మిదో శతాబ్దంలో పట్నాలు పెరిగాయి, మురుగు పెరిగింది, కలరా వచ్చింది. రోగాలన్నీ చెడుగాలి వల్లే వస్తాయని అప్పటి పెద్దల నమ్మకం. బ్రిటన్లో పారిశుధ్య ఉద్యమం నడిపిన ఎడ్విన్ చాడ్విక్ అయితే 1846లో ఓ పార్లమెంటు కమిటీ ముందు, ఏ కంపైనా సరే రోగమేనన్న ధోరణిలో వాదించాడు. కంపు పోతే రోగం పోతుందన్నమాట. తప్పుడు థియరీయే. కానీ దాని పుణ్యమాని రెండు మంచి మందులు దొరికాయి.

మొదటిది క్లోరిన్. గ్లాస్గోలో చార్లెస్ టెనెంట్ 1799లో బ్లీచింగ్ పౌడరుకి పేటెంటు తీసుకున్నది బట్టలు తెల్లబరచడానికి. దాన్ని, ఆ కుటుంబానికే చెందిన సోడా ద్రావణాన్నీ కంపు మీదకి తిప్పినవాడు పారిస్‌లో మందుల కొట్టు నడిపే ఆంత్వాన్ లబరాక్. పశువుల పేగులు శుభ్రం చేసే కార్ఖానాల్లో కంపు తగ్గించే ఉపాయం చెప్పినందుకు 1820లో బహుమతి కొట్టాడు. 1824లో పద్దెనిమిదో లూయీ పోయినప్పుడు, గాంగ్రీన్‌తో కుళ్లిన ఆ శవం దగ్గరికి ఎవరూ పోలేకపోతే, క్లోరిన్ ద్రావణంలో తడిపిన గుడ్డ కప్పించింది కూడా ఈయనే. 1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ డాక్టర్ల చేత చేతులు కడిగించిందీ క్లోరిన్ నీళ్లతోనే. శవాల వాసన వదిలేది దానికేనని దాన్ని ఎంచుకున్నాడు. 1858 ఎండల్లో థేమ్స్ నది కుళ్లి కంపుకొట్టినప్పుడు లండన్ పార్లమెంటు కిటికీ తెరలు తడిపింది కూడా దీంట్లోనే. మన మునిసిపాలిటీవాళ్లు ఇవాళ్టికీ మంత్రిగారొచ్చే ముందు రోడ్డు పక్కన తెల్లగా చల్లేది దీన్నే.

రెండోది తారు నుంచి పుట్టింది. రంగె అనే జర్మన్ 1834లో తారులోంచి ఫినాల్ బయటికి తీశాడు. అప్పుడు దాన్ని కార్బాలిక్ యాసిడ్ అనేవాళ్లు. కార్లైల్ అనే ఊళ్లో మురుగులో ఇది కలిపితే కంపు తగ్గిందని జోసెఫ్ లిస్టర్ చెవినపడింది. ఆయన 1865లో దాన్ని గాయాల మీద ప్రయోగించాడు, శస్త్రచికిత్స చరిత్ర మారిపోయింది. 1877లో జాన్ జేయ్స్ తారు నూనెలు నీళ్లలో కలిసేలా చేసిన ద్రవానికి పేటెంటు తీసుకున్నాడు. నీళ్లలో పోయగానే పాలలా విరిగే మన నల్ల ఫినాయిల్ ఈ కుటుంబంలోదే. తర్వాత ప్రఫుల్ల చంద్ర రే 1892లో మొదలుపెట్టిన బెంగాల్ కెమికల్స్ కూడా ఫినాయిల్ చేసింది. అలా అది మన ఆసుపత్రులకీ, రైల్వే స్టేషన్లకీ, ఇళ్లకీ వచ్చి స్థిరపడింది. ఎంతగా అంటే, శుభ్రం అంటే ఫినాయిల్ వాసన అనేంతగా.

తిరకాసంతా ఇక్కడే ఉంది. ఫినాయిల్ బ్యాక్టీరియాని చంపుతుంది, నిజమే. కానీ నేలలో ఇంకిన యూరియాని, మిగతా లవణాల్ని బయటికి లాగదు. నాలుగు రోజులకి బ్యాక్టీరియా మళ్లీ చేరుతుంది, వాటి మేత అక్కడే ఉంది, కంపు మళ్లీ మొదలు. ఈలోగా ఫినాయిల్ ఘాటు మన ముక్కుని మభ్యపెడుతుంది. అంతే తేడా.

కంపు పుట్టించేది సూక్ష్మజీవేనని 1860ల్లో పాశ్చర్, ఆయన శిష్యులు చూపించారు. ఆ జీవి వాడే పనిముట్టుని చేత్తో పట్టుకున్నది జేమ్స్ సమ్నర్. అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో పనిచేసేవాడు. పదిహేడేళ్ల వయసులో వేటలో జరిగిన ప్రమాదంలో ఎడమ చెయ్యి పోయింది, ఆయనది ఎడమచేతి వాటం. ఒంటిచేత్తో కెమిస్ట్రీ కష్టమని పెద్దలు నిరుత్సాహపరిచినా వినలేదు. 1917లో మొదలుపెట్టి తొమ్మిదేళ్లు తంటాలుపడి, 1926లో యూరియేజ్‌ని స్ఫటికాలుగా విడదీశాడు. ముడిసరుకు మూత్రం కాదు, జాక్ బీన్ అనే గింజలు - మన తమ్మకాయకి దగ్గర చుట్టం. ప్రపంచంలో మొట్టమొదట స్ఫటికంగా చేతికి దొరికిన ఎంజైమ్ అదే. ఎంజైములంటే ప్రొటీన్లేనని దాంతో తేలింది. మొదట్లో ఎవరూ నమ్మలేదు, 1946లో నోబెల్ ఇచ్చారు. మన బాత్రూం కంపు వెనకున్న ఎంజైమ్ కథ ఇంత గొప్పది.

ఇక మన నేలల సంగతి. పాత ఇళ్లలో పేడతో అలికిన మట్టి నేల ఉండేది. అది పీల్చుకుంటుంది, కానీ వారం తిరిగేసరికి పైన కొత్త అలుకు పడుతుంది. మరీ పాడైతే పైపొర చెక్కేసి కొత్త మన్ను మెత్తుతారు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, నేలని కడగడం కాదు, మార్చేయడం అక్కడి పద్ధతి. తర్వాత గచ్చులొచ్చాయి, తాండూరు, షాబాదు, బేతంచెర్ల బండలొచ్చాయి, మొజాయిక్, మార్బుల్, టైల్స్ వచ్చాయి. వీటిని మార్చలేం, కడగాల్సిందే. పైకి గట్టిగా మెరిసినా బండ పీలుస్తుంది, సిమెంటు పీలుస్తుంది, టైల్సు మధ్య సందులు మరీ పీలుస్తాయి. అమెరికాలో ఉన్నవాళ్లకి కార్పెట్లు, వాటిది ఇంకో నరకం. పైన పళ్లెమంత మరక కనిపిస్తే కింద స్పాంజిలో అంతకన్నా పెద్దదే ఉంటుంది, దాని కిందున్న చెక్క కూడా తాగేసి ఉంటుంది.

కాబట్టి పనికొచ్చే మాటలు నాలుగు చెబుతా.

ఒకటి, టైమే ముఖ్యం. పడ్డ వెంటనే పొడిగుడ్డతో అద్ది పీల్చేసి, తర్వాత నీళ్లు పోసి మళ్లీ తీసేస్తే సగం యుద్ధం గెలిచినట్టే. యూరియా నీళ్లలో ఇట్టే కరుగుతుంది. రుద్దితే మాత్రం పరుచుకుంటుంది, సందుల్లోకి దిగుతుంది.

రెండు, పాత కంపైతే చోటు కనిపెట్టాలి. అక్కడే పుట్టి పెరిగిన మన ముక్కుని నమ్మొద్దు, అది అలవాటుపడిపోతుంది. చీకట్లో అల్ట్రావయొలెట్ టార్చి వేస్తే చాలా మరకలు మెరుస్తాయి. ముసురు పట్టినప్పుడు కంపు ఎక్కడెక్కువవుతుందో చూసినా తెలుస్తుంది, ఎండిన లవణాలు గాల్లో తేమ పీల్చుకుని మళ్లీ లేస్తాయి.

మూడు, యూరియా పోయినా యూరిక్ యాసిడ్ మిగులుతుంది. అది చల్లని నీళ్లలో లీటరుకి గ్రాములో పదో వంతు కూడా కరగదు. దానికి పెంపుడు జంతువుల కొట్లలో దొరికే ఎంజైమ్ క్లీనర్లు పనిచేస్తాయి. కాకపోతే చల్లి తుడిచేయకూడదు, మూత్రం ఎంత లోతుకి దిగిందో అదీ అంత లోతుకి దిగేలా తడిపి, గంటల తరబడి తడిగా ఉంచాలి. ముందే ఫినాయిలో బ్లీచింగో వాడి ఉంటే బాగా కడిగాకే వాడాలి, లేకపోతే ఆ ఎంజైములూ, అందులోని మంచి బ్యాక్టీరియా కూడా చస్తాయి. అప్పటికీ పోకపోతే సందుల్లో సిమెంటు గీకి కొత్తది నింపడమో, కార్పెట్టు కింద స్పాంజి మార్చి చెక్కకి సీలర్ పూయడమో, అంతే. సురేకారం మనుషుల పద్ధతే, తవ్వుడే!

నాలుగు, చెయ్యకూడనివి. మూత్రం ఉన్నచోట బ్లీచింగ్ పోస్తే అమ్మోనియాతో కలిసి క్లోరమిన్ వాయువులొస్తాయి, ఊపిరితిత్తులకి చేటు. బ్లీచింగూ బాత్రూం యాసిడూ కలిపారంటే వచ్చేది క్లోరిన్ గ్యాస్, మొదటి ప్రపంచ యుద్ధంలో మనుషుల మీద వాడింది అదే. షాబాదు, తాండూరు బండల మీద, మార్బుల్, మొజాయిక్ మీద యాసిడ్ పోస్తే బుసబుసమని పొంగుతుంది. అది మురికి పోవడం కాదు, బండ కరగడం. కరిగిన బండ గరుకై ఇంకా ఎక్కువ పీలుస్తుంది. పిల్లులున్న ఇంట్లో ఫినాయిల్ అసలొద్దు, ఫినాల్ని విరగ్గొట్టుకునే శక్తి వాటి కాలేయానికి సరిగ్గా లేదు.

ఇప్పుడు మొదట్లో చెబుతానన్న మూల్యం సంగతి.

మా తరం వాళ్లలో చాలామంది అమ్మానాన్నలు డెబ్బై దాటారు. వాళ్లకి ఆపుకోలేని వయసు వస్తోంది, కొందరికి వచ్చేసింది. ఫోన్లు చేసుకున్నప్పుడు మిత్రుల నోట నేను మళ్లీ మళ్లీ వింటున్నది ఒకటే వరస. ముందు గదిలో వాసనొస్తోందని గొణుగుడు, తర్వాత మంచం వెనక గదిలోకి మారడం, అక్కణ్నుంచి వరండాలోకి. మనవలు దగ్గరికెళ్లడం తగ్గిపోతుంది. పెద్దాయనకో పెద్దావిడకో అది తెలియకుండా ఉండదు. వాళ్లు చేసే మొదటి పని నీళ్లు తాగడం తగ్గించేయడం. తాగకపోతే రాదు కదా అని. నీళ్లు తగ్గితే మూత్రం చిక్కబడుతుంది, చిక్కబడితే ఘాటు పెరుగుతుంది, ఇన్ఫెక్షన్లు తోడవుతాయి, ఆపుకోవడం ఇంకా కష్టమవుతుంది. ఏ కంపుకి భయపడి దాహం చంపుకున్నారో ఆ కంపే పెరుగుతుంది. పగలంతా తుడిచి తుడిచి ఇంట్లో ఆడవాళ్ల నడుములు విరుగుతాయి, వాళ్ల విసుగు కూడా చివరికి ఆ మంచం మీదకే మళ్లుతుంది.

రోజూ స్నానం చేయించి, ఉతికిన బట్టలు తొడిగిన మనిషిని పట్టుకుని కంపు అంటున్నామంటే, నిజానికి మనం చెప్పేది ఆరు నెలల క్రితం మంచం కోడు పక్కన టైల్సు సందులోకి ఇంకిన దాని గురించి. పరుపు మీద ఒక రబ్బరు షీటు వేసి, ఆ సందులు గీకించి, రెండు సీసాల ఎంజైమ్ క్లీనర్ కొంటే తేలే విషయానికి, మనిషిని గది మారుస్తున్నాం. డైపర్లు, డాక్టరు, ఆపుకోలేకపోవడానికి మందులు - ఇవన్నీ ఉన్నాయి, అడగడానికే మొహమాటం. బ్లడ్ ప్రెషర్ గురించి మాట్లాడినంత మామూలుగా దీని గురించీ ఇంట్లో మాట్లాడితే సగం బాధ తగ్గుతుంది.

నాలుగొందల ఏళ్ల కిందట పార పట్టుకుని ఊరూరా తిరిగిన సురేకారం వాడికి ఎక్కడ తవ్వాలో తెలుసు. వాడు ఏనాడూ మనుషుల్ని వాసన చూడలేదు, నేలని చూశాడు. ఈసారి ఆ గది గుమ్మం దగ్గర మీ ముక్కు మీదకి వేలు పోయినప్పుడు, మంచం మీదకి కాదు, మంచం కిందకి చూడండి.